గిద్దలూరు దారిలో ఒక రైఫిలు లెక్క

డాక్టరు నా కుడి భుజాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇకమీదట దీనికి కుదుపులు తగలనీయకండి" అన్నాడు. ఆయన ఉద్దేశం బైకు, జిమ్ము అయ్యుంటాయి. నాకు మాత్రం బీరువాలో ఉన్న .308 రైఫిలే (ఈ అంకెలు తూటా రకాల పేర్లు) గుర్తొచ్చింది. టెక్సస్‌లో ఉంటున్నాను కాబట్టి వారాంతం రేంజికి పోయి రెండు వందల గజాల దూరంలో కాగితపు టార్గెట్లు కొట్టడం, వాటికి కావాల్సిన తూటాలు ఇంట్లో నేనే లోడ్ చేసుకోవడం నాకున్న ఒకే ఒక్క సరదా. సరదా మానలేను, భుజాన్ని పోగొట్టుకోలేను. కాబట్టి తన్ను, అంటే కాల్చగానే భుజానికి తగిలే కుదుపు, తక్కువగా ఉండే రైఫిలు వెతుక్కోవాలి. .223 తీసుకోవాలా, 6 మిల్లీమీటర్ల రకాల్లో ఒకటా, అందరూ మెచ్చుకునే 6.5 క్రీడ్‌మూరా? ఇది తేలకుండానే సెలవుకి ఒంగోలు వచ్చాను. వచ్చిన మర్నాడే అమ్మ "మామయ్య ఒంట్లో బాగుండటం లేదంట, ఒకసారి పోయి చూసిరా" అంది.

మామయ్య సైన్యంలో సుబేదారుగా రిటైరై గిద్దలూరు దాటాక లోపలికి ఉండే సొంతూళ్లో స్థిరపడ్డాడు. సర్వీసులో కొన్నేళ్లు కుర్రాళ్లకి ఫైరింగ్ నేర్పించాడు. అమ్మకి తెలియదు గానీ, ఆ ప్రయాణం నాకూ అవసరమే.

పొద్దున్నే ఒంగోలులో బస్సెక్కాను. చీమకుర్తి వచ్చేసరికి రోడ్డంతా గ్రానైటు లారీలే. ఒక్కో లారీ మీద ఒకటో రెండో బండలు, చుట్టూ గొలుసులు, వెనక దుమ్ము. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు ఈ ఊరిదే. బస్సు ఆగినప్పుడు రోడ్డు పక్కన పడేసిన రాతిముక్కలు చూసి నా బుద్ధి నా సరదా మీదికే పోయింది. తూటాల్లో పోసే మందుని తూచే త్రాసు గ్రెయిన్‌లో పదో వంతు దాకా చూపిస్తుంది. గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములకి కాస్త తక్కువ. ఫ్యాను తిరిగినా, బల్ల మీద మోచెయ్యి పెట్టినా అంకె కదులుతుంది. ఆ త్రాసు కింద ఇలాంటి రాతిముక్క ఒకటి ఉంటే ఎంత నిలకడగా ఉంటుందో! కానీ విమానంలో రాయి ఎవడు మోసుకెళ్తాడు?

పొదిలి, మార్కాపురం నిద్రలోనే దాటిపోయాయి. కంభం దగ్గర మెలకువ వచ్చేసరికి నల్లమల కొండలు దగ్గరికొచ్చేశాయి. గిద్దలూరులో దిగి ఆటో పట్టుకుని ఊరు చేరాను.

మామయ్య కాస్త చిక్కాడు, గొంతు మాత్రం అదే. "ఏందబ్బాయ్, ఎట్టా ఉండావు? భుజానికేమైంది, సంచి ఎడమ చేత్తో పట్టుకున్నావు?" అన్నాడు, నేను గడప దాటకముందే. జొన్నరొట్టె, నాటుకోడి పులుసు తిన్నాక అసలు సంగతి చెప్పాను. అత్తయ్య "అక్కడికి పోయి తుపాకులేంది నాయనా, హాయిగా ఇల్లు కొనుక్కోక" అని లోపలికి వెళ్లిపోయింది.

చూపించడానికి నా దగ్గరేమీ లేదు. తూటా సంగతి సరే, మందు, గుండు పట్టే ఖాళీ ఇత్తడి తొడుగు, అదే కేసు, బ్యాగులో కనిపించినా ఎయిర్‌పోర్టులో తంటానే. అందుకని గోడ మీది పాత క్యాలెండరు కాగితం తిరగేసి, మనవడి స్కూలు స్కేలు తెచ్చుకుని, కేసుల బొమ్మలు అసలు కొలతకే గీశాను. .223 కేసు పొడవు దాదాపు 45 మిల్లీమీటర్లు, .308 కేసు 51. మామయ్య కళ్లజోడు పెట్టుకుని రెండో బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఇది మా ఎస్.ఎల్.ఆర్. తూటాకి తోబుట్టువు గదరా. మొదటిది ఇన్సాస్‌ది."

ఎన్.సి.సి.లో .303, పల్టన్‌లో ఎస్.ఎల్.ఆర్., చివర్లో ఇన్సాస్: మూడు రైఫిళ్ల దెబ్బా తిన్న భుజం ఆయనది. .303 గుండు బరువు పదకొండు గ్రాముల పైనే, ఎస్.ఎల్.ఆర్.ది తొమ్మిదిన్నర, ఇన్సాస్‌ది నాలుగు. "ఇన్సాస్ వచ్చినాక చాంద్‌మారీలో, అదే ఫైరింగ్ రేంజిలో, కుర్రోళ్ల గుళ్లు పడే గ్రూపింగ్ దానంతటదే దగ్గరికొచ్చింది. వాళ్లేం కొత్తగా నేర్చుకోలా. భయం పోయిందంతే" అన్నాడు.

నేను కాగితం మీద లెక్క వేశాను. గుండు బరువు, దాని వేగం, మందు కాలి వెలువడే వాయువు, ఇవన్నీ కలిసి రైఫిలుని వెనక్కి నెడతాయి. ఎనిమిది పౌండ్ల రైఫిలు అనుకుంటే .308 తన్ను సుమారు 16 ఫుట్-పౌండ్లు, 6.5 క్రీడ్‌మూర్‌ది 12, 13, 6 మిల్లీమీటర్ల రకమైన .243ది తొమ్మిదీ పదీ మధ్య. .223 అయితే మూడున్నర. రైఫిలు బరువు పెంచితే అదే దామాషాలో తన్ను తగ్గుతుంది. ఎనిమిది పౌండ్ల చోట పన్నెండు పౌండ్లది పెడితే మూడో వంతు పోయినట్టే. టార్గెట్ కొట్టేవాడు రైఫిలుని బల్ల మీద పెట్టి కాలుస్తాడు, భుజాన వేసుకుని అడవుల్లో తిరగడు కాబట్టి బరువు నాకు అడ్డంకి కాదు.

మామయ్య ఆ అంకెలు ఓపిగ్గా చూసి, "ఇవన్నీ సరే, నీ జబ్బు భుజంలోనే ఉందా, కంట్లో కూడా ఉందా?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. లేచి బీరువా తాళం తీసి తన డబుల్ బారెల్ బయటికి తెచ్చాడు. రిటైరయ్యాక బ్యాంకులో గార్డుగా చేసినప్పటిది అది. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్లో డిపాజిట్ చేసి, అయ్యాక తెచ్చుకుంటాడు. మడత విప్పి రెండు గొట్టాల్లోనూ చిటికెన వేలు పెట్టి ఖాళీ అని చూసుకున్నాడు, నాకూ చూపించాడు. కానీ నా చేతికివ్వలేదు. లైసెన్సు ఆయన పేరు మీదుంది, ఆ విషయంలో మేనల్లుడైనా ఒకటే. తుపాకీ మడమ, అంటే వెనక కొస, ఎక్కడ ఆనాలో తన ఒంటి మీదే చూపించాడు. మెడ ఎముక కింద, భుజం కీలుకి లోపలగా చిన్న గుంట ఉంటుంది, అక్కడ. నేను ఇన్నాళ్లూ కీలు మీదికి రెండు వేళ్లు బయటగా ఆనిస్తున్నానని అప్పుడు తెలిసింది.

తర్వాత నా చేతికి మూలనున్న పారకట్టె ఇచ్చాడు. తుపాకీ పట్టినట్టు పట్టుకుని శిస్తు తీసుకోమన్నాడు. దాని రెండో కొసకి అరచెయ్యి అడ్డం పెట్టి "ఇప్పుడు నెడతా చూడు" అన్నాడు. నెట్టాడు. మళ్లీ "నెడతా" అన్నాడు. ఈసారి నెట్టలేదు. కానీ నా కళ్లు మూసుకుపోయాయి, భుజం దానంతటదే ముందుకి తోసుకొచ్చింది, కట్టె కొస జానెడు కిందికి దిగింది. మామయ్య పడీపడీ నవ్వాడు. "అదీ జబ్బు! గుండు బయటికి పోకముందే నువ్వు దెబ్బ కాచుకుంటున్నావు. పేలని డ్రిల్ తూటాలు నాలుగు అసలు తూటాల్లో కలిపి ఇస్తే ఎవడు ఉలిక్కిపడేదీ తెలిసిపోతది."

ఆ మాటతో క్రీడ్‌మూర్ నా జాబితాలోంచి దాదాపు పోయింది. మంచి తూటానే. 2007లో హార్నడీ కంపెనీ వాళ్లు దూరపు టార్గెట్ల కోసమే తెచ్చారు, గాలిని బాగా తట్టుకుంటుంది. కానీ నేను కాల్చేది రెండు వందల గజాలు. ఆ మాత్రం దానికి .223కి మూడు నాలుగింతల దెబ్బ ఎందుకు తినాలి?

6 మిల్లీమీటర్ల రకాలు మాత్రం నన్ను సాయంత్రం దాకా ఊరించాయి. 6 పి.పి.సి. 1975లో బెంచ్‌రెస్ట్ వాళ్ల కోసం, అంటే బల్ల మీద రైఫిలు ఆనించి కచ్చితత్వంలో పోటీపడేవాళ్ల కోసం, పుట్టింది, పొట్టి కేసు, కచ్చితత్వంలో దాని పేరే పేరు. 6 బి.ఆర్. కూడా అలాంటిదే. తన్ను .223కి కొంచెం పైన, గాలికి దానికంటే మేలు. చిక్కల్లా కేసులతోనే. అవి ఖరీదు, ప్రతి కొట్లోనూ దొరకవు. .223 కేసులైతే రేంజిలో జనం కాల్చి పారేసి పోతారు. ఏరుకుని, కడిగి, డై అనే అచ్చులో వేసి సైజు చేసి, పొడవు పెరిగితే కత్తిరించి వాడుకోవచ్చు. చిన్న .22 రిమ్‌ఫైరు తూటాకి తన్ను లేనట్టే గానీ, దాన్ని మళ్లీ లోడ్ చేసుకునే వీల్లేదు. లోడింగే సగం ఆనందమైన నాకది కుదరదు.

"ఇంట్లోనే తూటాలు చేసుకుంటారా!" అని మామయ్య ఆశ్చర్యపోయాడు. మన దగ్గర లైసెన్సు లేకుండా తయారీ మొదలుపెడితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. లైసెన్సుదారులు కోటా ప్రకారం కొనుక్కోవడమే. అక్కడ మందుని రాజేసే ప్రైమరు, మందు, గుండు విడివిడిగా కొట్లో దొరుకుతాయని, తయారీదారు ప్రచురించిన మాన్యువల్లో ఉన్న హద్దుల్లోనే పోయాలని చెప్పాను. తన్ను తగ్గుతుంది కదా అని మందు ఇష్టమొచ్చినట్టు తగ్గించడం కూడా ప్రమాదమే, కొన్ని రకాల మందుకి కనీస హద్దూ ఉంటుంది. ఆయనకి నచ్చింది ఆ హద్దుల మాట.

మర్నాడు ఆయనే బండి వెనక కూర్చుని కంభం చెరువుకి తీసుకెళ్లమన్నాడు. గుండ్లకమ్మకి అడ్డంగా విజయనగరం కాలంలో రెండు కొండల మధ్య కట్టిన కట్ట అది. 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడాల్లో చేర్చారు. చెరువుని సముద్రమనే అనుకోవచ్చు, అంత గాలి. కట్ట మీద నిలబడి ఆయన నీటి మీది అలలు చూపించాడు. "దగ్గర ఒక తీరుగా ఉండాయి, నడిమధ్యలో ఇంకో తీరు. నీ చిన్న గుండు ఆడికి పోయేసరికి ఎటు జరుగుద్దో చెప్పు." .223 మీద ఉన్న న్యాయమైన ఫిర్యాదు అదే. 55 గ్రెయిన్ల గుండు గాలికి తేలిగ్గా పక్కకి పోతుంది. దానికి విరుగుడు: 69, 77 గ్రెయిన్ల పొడుగు గుళ్లు. అయితే అవి నిలకడగా తిరగాలంటే గొట్టం లోపలి గాడుల మెలిక బిగువుగా ఉండాలి. పన్నెండు అంగుళాలకి ఒక చుట్టు తిరిగే పాత గొట్టాలు పనికిరావు, ఎనిమిదికి ఒకటి కావాలి. రైఫిలు కొనేవాళ్లు క్యాలిబరు చూసి ఊరుకుంటారు, ఈ అంకె చూడరు. నా దృష్టిలో క్యాలిబరు కంటే ముందు అడగాల్సింది ఇదే.

కట్ట దిగేటప్పటికి తేలిపోయింది: చేత్తో లాగే బోల్ట్ ఉన్న .223 రైఫిలు, బరువైన గొట్టం, ఎనిమిదికి ఒక మెలిక. "వంద గుళ్లు కాల్చినా రాత్రికి భుజం గుర్తు రాకూడదు, అదీ రైఫిలంటే" అని మామయ్య ముద్ర వేశాడు. గిద్దలూరు స్టేషన్లో గుంటూరు వైపు రైలెక్కిస్తూ, ఆ ఎండాకాలంలోపు డ్రిల్ తూటాలు కలిపి కాల్చిన టార్గెట్ల ఫోటోలు వాట్సాప్‌లో పంపమన్నాడు. మంచివి ఏరి పంపితే ఊరుకోనని, అన్నీ పంపాల్సిందేనని కిటికీలోంచి రెండుసార్లు చెప్పాడు.