ఎడమ చెవిలో తప్పిపోయిన గిటార్

ఆ రోజు పొద్దున్నే ఫోన్ మోగింది. ఎత్తి ఎడమ చెవికి ఆనించుకుని "హలో, హలో" అంటున్నాను, అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. సిగ్నల్ లేదేమోనని పెట్టేశాను. మళ్ళీ మోగింది, మళ్ళీ అంతే. మూడోసారి స్పీకర్‌లో పెడితే అక్క గొంతు గదంతా నిండింది: "ఒరేయ్, చెవుడా నీకు?"

తిట్టుగానే అంది. అది నిజమని అప్పటికి ఇద్దరికీ తెలియదు.

రాత్రి పడుకున్నప్పుడు బాగానే ఉన్న చెవి, లేచేసరికి దూది కుక్కినట్టయిపోయింది. లోపల ఒకటే హోరు, పాత టీవీలో ప్రసారం ఆగిపోయాక వచ్చే హోరులాంటిది. నొప్పి లేదు, జ్వరం లేదు. నొప్పే ఉంటే పరుగెత్తేవాణ్ణి. జలుబుకి చెవి దిబ్బడ వేసింది, అదే వదులుతుందిలే అనుకున్నాను. మొదట చూసిన డాక్టరు కూడా అదే మాట అన్నారు. చెవిలోకి లైటు వేసి చూడకుండానే, గులిమి అయ్యుంటుందని చుక్కల మందూ జలుబు మాత్రలూ రాసిచ్చారు. ఆరు రోజులు బుద్ధిగా ఆ చుక్కలు వేసుకున్నాను. ఆ ఆరు రోజుల మీద నాకిప్పటికీ కోపమే.

ఏడో రోజు చెవి డాక్టరు దగ్గర కూర్చున్నాను. ఆవిడ శృతిదండాన్ని, అంటే ట్యూనింగ్ ఫోర్క్‌ని, మోకాలికి తాటించి, మోగుతుండగానే నా నుదుటి మధ్య ఆనించారు. "ఎటు వినిపిస్తోంది?" కుడివైపు, అన్నాను. ఆవిడ ముఖంలో నవ్వు తగ్గింది. చెవికి గులిమో జలుబో అడ్డుపడితే ఆ మోత మూసుకుపోయిన చెవిలోనే గట్టిగా వినిపిస్తుందట. బాగున్న చెవిలోకి పోయిందంటే లోపలి నరమో, నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియానో దెబ్బతిన్నట్టు. శృతిదండం లేకపోయినా నోరు మూసుకుని "మ్‌ మ్‌" అంటూ కూనిరాగం తీస్తే కొంత తెలుస్తుందట. ఆరు రోజులుగా నేను కూనిరాగాలు తీస్తూనే ఉన్నాను, ఎటు వినిపిస్తోందో గమనించలేదు, అంతే.

వినికిడిని గీతగా చూపించే ఆడియోగ్రామ్‌లో ఎడమ చెవి గీత గోడ మీంచి జారిన బల్లిలా కిందికి పడిపోయి ఉంది. సగటున 65 డెసిబెల్స్ పోయాయి. మూడు రోజుల్లోపు, పక్కపక్కనే ఉన్న మూడు స్వరస్థాయిల్లో 30 డెసిబెల్స్ పడిపోతే చాలట దీన్ని ఆకస్మిక వినికిడి లోపం అనడానికి. నాది దానికి రెట్టింపు. మందు మొదటి రెండు వారాల్లో పడితేనే ఎక్కువ ఫలితం. నేను ఒక వారం చుక్కల్లో పోశాను.

నేనడిగిన మొదటి ప్రశ్న చెవి బాగవుతుందా అని కాదు. "నేనే చేసుకున్నానా?" అని.

ఎందుకంటే మాకో బ్యాండ్ ఉంది. అంటే మేం వాయించేది కాదు, నాకూ అక్కకీ ప్రాణమైన ఇండీ రాక్ బ్యాండ్, నలుగురే ఉంటారు. పేరు రాయను. రాస్తే మొదటి ఆల్బమ్ గొప్పదా మూడోది గొప్పదా అన్న గొడవలోకి పోతాం, మూడోదే అని నేను తెల్లారేదాకా వాదించగలను. మూడేళ్ళ కిందట వాళ్ళని చూడ్డానికి వెళ్ళి, అక్క వద్దంటున్నా స్పీకర్ల గుట్ట పక్కనే నిలబడ్డాను. చెవులకి ఏమీ పెట్టుకోలేదు. మర్నాడు సాయంత్రం దాకా చెవులు గింగుర్లెత్తాయి. అది గర్వంగా చెప్పుకున్నాను కూడా.

డాక్టరు తల అడ్డంగా ఊపారు. మూడేళ్ళ కిందటి హోరు ఒక్క రాత్రిలో ఒక్క చెవిని ఇలా తీసుకుపోదట. ఇలాంటి కేసుల్లో చాలావాటికి కారణం దొరకదట. నరం మీద గడ్డ ఏమైనా ఉందేమోనని ఎమ్మారై తీయించారు, ఏమీ లేదు. కారణం లేదంటే మనసు ఊరుకుంటుందా? నేరం ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నవాణ్ణి పోలీసులు వెనక్కి పంపేసినట్టుంది నాకు.

స్టెరాయిడ్ మాత్రలు రెండు వారాలు. నిద్ర పోయింది, ఆకలి పెరిగింది, ముఖం ఉబ్బింది, అక్క ఏమన్నా కసురుకున్నాను. గీత కొద్దిగానే కదిలింది. అప్పుడు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, కర్ణభేరి లోంచే, మధ్య చెవిలోకి. వారానికొకటి చొప్పున మూడు. అవి చెబితే భయపడతారు గానీ నొప్పి కన్నా వింతే ఎక్కువ. చెవి పైకి ఉండేలా పక్కకి పడుకోబెట్టి, తిమ్మిరెక్కడానికి మందు రాసి, సన్నటి సూది దింపుతారు. లోపల చల్లగా నిండిన చప్పుడు, క్షణంపాటు గది గిర్రున తిరగడం. అసలు కష్టం ఆ తర్వాత అరగంట. మాట్లాడకూడదు, గుటక వేయకూడదు. గుటక వేస్తే చెవికీ గొంతుకీ మధ్య ఉన్న గొట్టం తెరుచుకుని మందు జారిపోతుంది. గుటక వేయకు అన్న దగ్గర్నుంచి నోట్లో ఊట ఊరడం మొదలు! మొదటిసారి పదో నిమిషంలో ఓడిపోయాను. గొంతు వెనక చేదు దిగింది. పక్కనే కూర్చున్న అక్క ఆ చేదు నా ముఖంలో చూసి, టిష్యూ కాగితం అందించి, "మింగకురా, ఇందులో ఉమ్ము" అంది. మిగతా రెండుసార్లూ ఆ కాగితాలతోనే నెగ్గాను.

మూడు నెలలకి కింది స్వరాలు చాలావరకు తిరిగొచ్చాయి. పైవి రాలేదు. 4000 హెర్ట్జ్ దాటాక ఇప్పటికీ 60 డెసిబెల్స్ లోటే. శబ్దాన్ని పట్టే లోపలి రోమకణాలు చనిపోతే మనుషుల్లో మళ్ళీ మొలవవు. అంటే తాళాలగుత్తి గలగలా, పక్షుల కూతా, డ్రమ్స్‌లో సింబల్ చివరి తళుకూ ఎడమవైపు లేవు. వాటి స్థానంలో చెవిలో జోరీగ అంటారే, అదుంది. ఎప్పుడూ ఉంటుంది, ఇది రాస్తున్నప్పుడూ ఉంది.

కోలుకున్నానని అందరూ అనుకున్న రోజుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని మూడో ఆల్బమ్ విన్నాను. అందులో నాకిష్టమైన పాట సన్నటి గిటార్ తీగతో మొదలవుతుంది, అది పూర్తిగా ఎడమ చానెల్‌లోనే ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆ సంగతే నాకు తెలియదు. ఇప్పుడు ఆ తీగ లేదు. బేసూ డ్రమ్సూ ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు వాయించుకుపోతున్నాయి. పైగా మొదట్లో ఒకే స్వరం రెండు చెవుల్లోనూ రెండు శృతుల్లో వినిపించేది, గాయకుడు తనతో తనే అపశృతి పాడినట్టు. హెడ్‌ఫోన్లు తీసి సొరుగులో పడేశాను. ఫోన్లో మోనో ఆడియో అని ఒక మీట ఉంటుందనీ, అది నొక్కితే రెండువైపుల ధ్వనీ కలిసి రెండు చెవులకీ వస్తుందనీ నాకు తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈ ముక్క ఆసుపత్రిలో ఒక్కరైనా చెప్పి ఉంటే!

పద్నాలుగో నెలలో అక్క ఫోన్ చేసింది. వాళ్ళు వస్తున్నారట. "టికెట్లు రెండు తీశాను. రానంటే నేనొక్కదాన్నే పోతా" అంది.

భయం చెవి గురించే, ముఖ్యంగా మిగిలిన మంచి చెవి గురించి. లెక్క వేసుకున్నాను. 85 డెసిబెల్స్ అయితే ఎనిమిది గంటలు తట్టుకోవచ్చంటారు, ప్రతి 3 పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. వాళ్ళు వాయించేదేమో గంటన్నర. చెవి పరీక్షలు చేసే ఆమె నా చెవుల్లో మెత్తటి గులాబి రంగు ముద్ద నింపి, గట్టిపడ్డాక అచ్చు తీసి, ఇయర్‌ప్లగ్‌లు చేయించింది. అన్ని స్వరాలనీ ఇంచుమించు సమానంగా 15 డెసిబెల్స్ తగ్గిస్తాయి. నురుగు ప్లగ్‌ల్లా పైస్వరాల్ని మింగేసి పాటని దుప్పట్లో చుట్టవు. సిగ్గుగా ఉంటుందేమో అనుకున్నా గానీ, మై బ్లడీ వాలెంటైన్ అనే రాక్ బ్యాండ్ వాళ్ళు తమ కచేరీలకి వచ్చినవాళ్ళకి తామే ఇయర్‌ప్లగ్‌లు పంచేవారు. ది హూ అనే బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ అయితే తన వినికిడిని దెబ్బతీసింది స్టూడియోలో పెట్టుకున్న హెడ్‌ఫోన్లే అన్నాడు. అది చదివాక స్పీకర్ల గుట్ట మీద నాకున్న పగ కాస్త తగ్గింది.

హాల్లో సౌండ్ ఇంజినీరు బల్ల పక్కన నిలబడ్డాం, శబ్దాన్ని సరిచూసుకునేది అక్కడి నుంచే కాబట్టి. అక్క అలవాటుగా ఎడమవైపు నిలబడి ఏదో అంది. పెదాలు కదలడం చూశాను. "ఏమన్నావ్?" అనేలోపే నాలిక కరుచుకుని కుడివైపుకి వచ్చేసింది.

మొదటి రెండు పాటలూ కొత్తవి, అంత గొప్పగా లేవు. గాయకుడి గొంతు బొంగురుపోయింది. ఉండబట్టలేక నేనూ అందుకుంటే, ప్లగ్‌ల వల్ల నా గొంతు నా తలలోనే గుమ్మటంలో అరిచినట్టు మోగింది. ఊరుకున్నాను. ఫోన్లో శబ్దం కొలిచే మీటర్ 101 డెసిబెల్స్ చూపిస్తోంది. బేసు చెవికన్నా ముందు రొమ్ముటెముకకి తెలుస్తోంది. నాలుగో పాటకి దీపాలు ఆరాయి.

ఆ తీగ వచ్చింది.

సన్నగా, మొత్తంగా, ఒక్క స్వరమూ తప్పిపోకుండా. నాకేదో నయమైపోయిందని ఒక క్షణం నిజంగా అనుకున్నాను. అక్క చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను: "ఆ గిటార్ ఎటునుంచి వస్తోంది?"

"ఎటునుంచేంట్రా, ఎదురుగానే!"

అప్పుడు వెలిగింది. ఇంత పెద్ద హాల్లో ఎడమ చివర ఉన్నవాళ్ళకి ఒకటీ కుడి చివర ఉన్నవాళ్ళకి ఒకటీ వినిపిస్తే కుదరదు, అందుకే రెండువైపుల స్పీకర్లలోనూ దాదాపు ఒకటే పంపుతారు. అంటే ఆ హాల్లో అందరూ మోనోలోనే వింటున్నారు. అందరూ నాలాగే. సింబళ్ళ తళుకు నాకు కుడివైపు మాత్రమే ఉంది, నిజమే. కానీ ఆ తీగ మాత్రం నాకెంతో అక్కకీ అంతే.

మర్నాడు లేవగానే, రోజూ చేసినట్టే, బొటనవేలూ చూపుడువేలూ చెవి పక్కన రుద్దుకున్నాను. కుడివైపు గరగర. ఎడమవైపు, ఊపిరి బిగపట్టి వింటే, చాలా దూరంగా ఏదో. మొన్నెంతో అంతే ఉంది, తగ్గలేదు. జోరీగ కాస్త పెద్దగా ఉంది, మధ్యాహ్నానికి దిగింది. సాయంత్రం అక్క ఫోన్ చేస్తే కుడి చెవికి పెట్టుకుని, నాలుగో పాట ఎలా ఉందో ఇద్దరం ఒకరికొకరం మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకున్నాం.