సోమశిల ఒడ్డున చేప వడలు

హైదరాబాద్‌లో బయల్దేరేటప్పుడే సంచిలో కిలో ఆలుగడ్డలు, ఒక ప్యాకెట్ బ్రెడ్ పొడి, అరడజను గుడ్లు పెట్టుకున్నాను. చేప కట్లెట్లంటే పదేళ్లుగా నాకు తెలిసిన పద్ధతి అదే. మార్కెట్లో ఐసులో పెట్టిన చేప తెచ్చి, పసుపేసి ఉడకబెట్టి, ముల్లు తీసి, ఉడికిన ఆలుగడ్డతో పిసికి, గుడ్డులో ముంచి, బ్రెడ్ పొడి అద్ది వేయించడం. పిల్లలు ఇష్టంగానే తింటారు కానీ, నాకు మాత్రం తిన్న ప్రతిసారీ చేప రుచి ఎక్కడో అడుగున ఉండిపోయినట్టు అనిపించేది. ఆ మాట మా తమ్ముడితో అంటే, "అక్కా, నీళ్లలోంచి తీసిన గంటలోపే చేసి చూద్దాం, అప్పుడు తేడా తెలుస్తది" అన్నాడు. అట్లా మొదలైంది ఈ ప్రయాణం. ఫిబ్రవరిలో ఒక శనివారం నేను, వాడు, అమ్మ కారులో కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకు బయల్దేరాం.

జడ్చర్ల దాకా పెద్ద రోడ్డు, అక్కడ దిగి నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్. కొల్లాపూర్ దగ్గరపడుతుంటే రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలే, చెట్టు చెట్టుకూ పూత. కారు అద్దాలు దించగానే ఆ వాసన లోపలికి వచ్చింది, అమ్మ కళ్లు మూసుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. మాది మిర్యాలగూడ, అమ్మ పుట్టిల్లు కూడా అటే, తనకు కృష్ణ అంటే సాగర్ కాలవే. నది ఇంత వెడల్పుగా, కొండల మధ్య చెరువులాగా నిలబడి ఉండటం సోమశిలలోనే మొదటిసారి చూసింది. ఇది శ్రీశైలం డ్యామ్ వెనక జలం. డ్యామ్ నిండితే 885 అడుగుల మట్టం, పాత సోమశిల ఊరు ఆ నీళ్ల కిందికే పోయింది, గుళ్లను పైకి తెచ్చి మళ్లీ కట్టారు. సాయంత్రం లలితా సోమేశ్వరుడి దర్శనం చేసుకుని, ఒడ్డున కాటేజీలో పడుకున్నాం.

తెల్లవారి ఐదున్నరకే రేవులో ఉన్నాం. చలి ఇంకా పోలేదు. నీటి మీద పొగమంచు, దూరంగా నల్లచుక్కల్లా పుట్టీలు. పుట్టి చూడనివాళ్ల కోసం చెప్తున్నా, అది వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. ఒకప్పుడు కింద తోలు కుట్టేవారట, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా చుట్టి తారు పూస్తున్నారు. దాంట్లో ఇద్దరు మోకాళ్ల మీద కూర్చుని ఒకే తెడ్డుతో, గిర్రున తిరిగిపోకుండా, నేరుగా ఒడ్డుకు రావడం చూస్తే ఆశ్చర్యమేసింది. ముందురోజు చీకటి పడేముందు వల కట్టి వస్తారు, తెల్లారి వెళ్లి ఎత్తుతారు. అంతే పని అనుకుంటాం కానీ, వల విప్పి ఒక్కో చేపను మొప్పల దగ్గర చిక్కు తీయడానికే గంట పట్టింది.

ఒడ్డున కూర్చున్న పెద్దమ్మే ఆ పుట్టి వాళ్ల ఇంటి మనిషి. భర్త, కొడుకు చేపలు తెస్తారు, తను అక్కడే తూకం వేసి అమ్ముతుంది, కొన్నవాళ్లు అడిగితే వండి కూడా ఇస్తుంది. ఆ పొద్దు పడినవి రవ్వులు, బొచ్చెలు, కొన్ని జెల్లలు, ఒక్కటంటే ఒక్క కొర్రమీను. కొర్రమీను మన రాష్ట్ర చేప కదా, దాన్ని చూడగానే తమ్ముడు అదే కావాలన్నాడు. పెద్దమ్మ వద్దంది. "అది పులుసుకు ఉంచుకో అన్నా. దాన్ల ముల్లు తక్కువ, ఎట్లయినా తినొచ్చు. ముల్లున్న దాన్నే వడ చేయాలె" అని రెండు కిలోల రవ్వును తీసి నా ముందు పెట్టింది. ఇంకా తోక కొడుతోంది. కళ్లు తేటగా, మొప్పలు ఎత్తి చూస్తే ఎర్రగా ఉన్నాయి. కిలో 150 చెప్పింది, బేరం ఆడలేదు.

అప్పుడు నా సంచి విప్పాను. ఆలుగడ్డలు, బ్రెడ్ పొడి, గుడ్లు వరసగా బయట పెడుతుంటే పెద్దమ్మ అన్నీ చూసి, "గివన్నీ ఎందుకు బిడ్డా? గిన్ని కలిపినంక చేప ఏడుంటది? చేపకు చేపే అంటుకుంటది" అంది. నేను నమ్మలేదు. ఏమీ కలపకపోతే నూనెలో విడిపోదా అని అడిగాను. ఆమె జవాబు చెప్పకుండా కత్తిపీట ముందుకు లాక్కుంది.

పొలుసు తీసి, కడుపు చీల్చి, చేదు సంచి పగలకుండా పేగులు ఊడదీసి, బండ మీద దొడ్డుప్పుతో రుద్ది నది నీళ్లలో మూడుసార్లు కడిగింది. తల వేరు చేసింది. నడుముముల్లుకు అటూ ఇటూ కోసి రెండు పలకలుగా తీసింది. తర్వాత చేసిందే నేను చూడటానికి అంతదూరం వెళ్లిన పని. పలకను తోలు కిందికి, కండ పైకి వచ్చేలా పీట మీద పరిచి, అంచు అరిగిన స్టీలు చెంచాతో గీకడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని ఎదురు దిక్కుగా గీకబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ముల్లు పండుకున్న దిక్కే గీకాలె. ఎదురు గీకితె ముల్లు లేసి కండల వస్తది." రవ్వులో, బొచ్చెలో కండ మధ్య వై ఆకారపు సన్నముళ్లు ఉంటాయి, తోక వైపు మరీ ఎక్కువ, వాటివల్లే చాలామంది పట్నంలో ఈ చేపలంటే భయపడతారు. చెంచా ఒకే దిక్కున, బరువు వేయకుండా పోతుంటే కండ తెల్లటి మీగడలా చెంచాలోకి వచ్చింది, ముళ్లు దువ్వెన పళ్లలా తోలుకే అంటుకుని మిగిలాయి. నేను కాసేపు చెంచా పట్టుకోకుండా అట్లా చూస్తూనే ఉండిపోయాను. పదేళ్లుగా ఉడికిన చేపలో వేళ్లతో ముళ్లు వెతుక్కుంటూ ఎంత సమయం పోగొట్టుకున్నానో!

గీకినదాన్ని కొంచెం కొంచెం తీసి స్టీలు పళ్లెం మీద బొటనవేలితో పల్చగా రుద్దింది. తప్పించుకున్న ముల్లు ఏదైనా ఉంటే పళ్లేనికి గరగరా తగులుతుంది, చెవికి కూడా వినిపిస్తుంది. అట్లా నాలుగైదు దొరికాయి. మనుమలు చిన్నవాళ్లట, ముల్లు గొంతులో దిగుతుందని ఈ పని నేర్చుకుందట.

తర్వాత రోలు. ముందు కండ, దొడ్డుప్పు, అంతే. ఇంకేమీ వేయనివ్వలేదు. కుండలోని చల్లటి నీళ్లు అప్పుడప్పుడు చిలకరిస్తూ దంచింది. మొదట ముద్ద తడితడిగా, వదులుగా ఉంది. ఐదు నిమిషాలకు రోకలికి అంటుకోవడం మొదలుపెట్టింది, పది నిమిషాలకు రోకలి ఎత్తితే ముద్ద మొత్తం దానితో పాటు సాగుతూ లేచింది. అప్పుడు ఆ ముద్దను గిన్నెలోకి తీసి, చేత్తో ఎత్తి గిన్నెకేసి కొట్టమంది. ఇరవైసార్లు కొట్టాను. చేతికి మైదాపిండి లాంటి జిగురు తెలిసింది. వేలితో నొక్కితే గుంట పడి మళ్లీ పైకి వస్తోంది.

దీనికి కారణం నాకు తెలిసినంతలో చెప్తాను. చేప కండలోని ప్రొటీన్ ఉప్పు తగిలితే కరిగి బయటికి వచ్చి జిగురవుతుంది, వేడి తగలగానే అదే వలలా గట్టిపడి ముద్దను పట్టి ఉంచుతుంది. కండ వేడెక్కితే ఆ గుణం పోతుంది, అందుకే చల్లనీళ్లు. చాలా రోజులు గడ్డకట్టించి ఉంచిన చేపలో ఆ ప్రొటీన్ చెడిపోయి ఉంటుంది, ఇక అది దేన్నీ పట్టుకోలేదు. ఇన్నేళ్లూ నేను ఆలుగడ్డ, గుడ్డు వేసింది రుచి కోసం కాదు, పాతబడ్డ చేపలో పోయిన ఆ పట్టు కోసం. రోలు ముందు కూర్చున్నప్పుడు గానీ అది నాకు అర్థం కాలేదు.

రెండో పలక నేనే చేస్తానన్నాను. తొందరలో కండతో పాటే ఉల్లిగడ్డ ముక్కలు, కొత్తిమీర కూడా రోట్లో వేసి దంచాను. ఉప్పుకు ఉల్లిగడ్డ నీళ్లు వదిలింది, ముద్ద పలచబడింది. ఎంత దంచినా సాగలేదు. పెనం మీద వేసిన మొదటి రెండూ తిప్పగానే మూడు ముక్కలయ్యాయి. నాకు నిజంగా బాధేసింది, అంత మంచి చేప! పెద్దమ్మ మాత్రం ఏమీ అనకుండా ఆ ముక్కలు గంటెతో పెనం మీదే పొడి చేసి, కారం, ఎల్లిగడ్డ వేసి వేపుడులా చేసి అమ్మ పళ్లెంలో పెట్టింది. మసాలా ఎప్పుడు వేయాలో అప్పుడు చెప్పింది. జిగురు వచ్చాకే అల్లం, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి నూరిన ముద్ద, కొంచెం జీలకర్ర, పసుపు కలపాలి. ఉల్లిగడ్డ సన్నగా తరిగి, నీళ్లు పిండేసి, చివరలో, వేయించే ముందు. ఆమె చేసిన మొదటి ముద్ద ఇంకా గిన్నెలో ఉంది కాబట్టి బతికిపోయాం.

అరచేయి తడి చేసుకుని, నిమ్మకాయంత ముద్ద తీసి, గారెలా ఒత్తి, రెండు వైపులా జొన్నపిండి పల్చగా అద్ది పల్లినూనెలో వేసింది. పెనం మూడు రాళ్ల పొయ్యి మీద, కింద కంప మంట. మంట ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుందని కొరివి ఒకటి బయటికి లాగింది. రెండు నిమిషాల్లో వడ కొద్దిగా ఉబ్బింది, తిప్పితే ఒక్కటీ విరగలేదు. కొరికితే పైన జొన్నపిండి కరకర, లోపల తెల్లగా, మెత్తగా, కానీ పళ్లకు కొంచెం ఎదురు చెప్పేలా. అన్నిటికంటే ముందు చేప రుచి, తర్వాత పచ్చిమిర్చి. నీచు వాసన అసలు లేదు. జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మచెక్కతో తిన్నాం. ఎప్పుడూ రెండుకు మించి తినని అమ్మ ఐదు తిన్నది. తర్వాత పెద్దమ్మతో "వదినా, చింతపండు రసం కొద్దిగా వేస్తే ఇంకా బాగుంటది" అంది. "నల్లగొండోళ్లు అన్నిట్ల పులుపే ఏస్తరు" అని ఆమె నవ్వింది, కానీ తర్వాతి వాయికి చింతపండు తెచ్చి పెట్టింది.

తింటుంటే పెద్దమ్మ భర్త అలివి వలల గురించి చెప్పాడు. దోమతెరంత సన్న కన్నుల వలలు అవి, ఒడ్డు పొడవునా లాగితే వేలెడంత పిల్లచేపలు కూడా మిగలవు, వాటిని ఎండబెట్టి అమ్మేస్తారు. నిషేధం ఉన్నా ఆగడం లేదట. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో, ప్రాజెక్టుల్లో చేప పిల్లల్ని ఉచితంగా వదులుతోంది. అవి కిలో బరువుకు రాకముందే ఎండుచేపలైపోతే పుట్టి వేసుకుని వల కట్టేవాళ్లకు ఏం మిగులుతుంది? "నా చిన్నప్పుడు వాలుగలు మనిషి పొడుగు పడేటియి" అన్నాడు ఆయన, చేయి చాచి చూపిస్తూ. ఎండుచేపల ప్యాకెట్లు కొనేటప్పుడు అందులోని చేపల సైజు చూడమని మాత్రం నేను అందరినీ అడుగుతున్నాను.

మధ్యాహ్నం లైఫ్ జాకెట్లు వేసుకుని మరబోటులో సంగమేశ్వరం వెళ్లొచ్చాం. ఏడు నదులు కలిసేచోటంటారు, గుడిలో వేప మొద్దు లింగం, వానాకాలంలో గుడి మొత్తం నీళ్లలోనే ఉంటుంది. అప్పటికి గుడి బయటపడింది, గోడల మీద ఒండ్రు ఇంకా తడిగానే ఉంది. వచ్చేటప్పుడు పెద్దమ్మ రవ్వు తల, నడుముముల్లు ఆకులో చుట్టి ఇచ్చింది, పులుసు పెట్టుకోమని. నా ఆలుగడ్డలు, గుడ్లు వాళ్ల ఇంట్లోనే వదిలేశాను, ఆమె ఫోన్ నంబర్ తీసుకున్నాను.

మరుసటి ఆదివారం హైదరాబాద్‌లో ఐసు చేపతో అదే పద్ధతిలో చేశాను. చెంచాతో గీకాను, ఉప్పుతో దంచాను. అరగంట దంచినా ముద్ద సాగలేదు, చివరికి పుట్నాల పొడి కలపాల్సి వచ్చింది. తినడానికి బాగానే ఉన్నాయి కానీ సోమశిలవి కావు. నెల తర్వాత నల్లగొండలో తమ్ముడింటికి వెళ్లినప్పుడు, పొద్దున్నే పానగల్ ఉదయసముద్రం కట్ట మీదికి తీసుకెళ్లాడు. అందులోవీ కృష్ణ నీళ్లే. సోమశిల దాటి, శ్రీశైలం దాటి, సాగర్‌కు చేరి, అక్కడ పుట్టంగండి దగ్గర పైకి ఎత్తితే కాలవలో వచ్చిన నీళ్లు. రవ్వు దొరకలేదు, అప్పుడే పట్టిన బొచ్చె దొరికింది. తమ్ముడింట్లో రోలు లేదు, అడుగు మందమున్న గిన్నెలో పప్పుగుత్తితో దంచాను, ఆ గిన్నెను చల్లనీళ్ల పళ్లెంలో పెట్టి. ఎనిమిదో నిమిషానికి ముద్ద పప్పుగుత్తితో పాటు లేచింది. "అమ్మా, ఇటు రా" అని గట్టిగా పిలిచాను.

పద్నాలుగు వడలు అయ్యాయి, ఒక్కటీ విరగలేదు. పెనం మీద ఆఖరి వాయి ఉండగానే పెద్దమ్మకు ఫోన్ చేశాను. బాగా వచ్చాయా అని ఆమె అడగనే లేదు.

"ముల్లు తగిలిందా?"

"రెండు తగిలినయ్ పెద్దమ్మా."

"అట్లయితె పళ్లెం మీద ఇంకోపారి రుద్దు బిడ్డా."