పార్వతీశం టోపీ

ఆదివారం, రాత్రి పది దాటింది.

పొద్దున రైతుబజారు, ఆ తర్వాత ఇంటిపనులు. మధ్యాహ్నం నుంచి మాత్రం ఇల్లంతా పార్వతీశమే.

మా చిన్నదానికి పదేళ్లు. బొమ్మల కథలు పావుగంటలో అవగొట్టేస్తోంది, పెద్దల నవలలు ఇంకా కొరుకుడుపడవు. ఈ వయసుకి కడుపుబ్బ నవ్విస్తూ ఊళ్లు తిప్పే పుస్తకం కావాలి. అదీ వారం రోజులైనా సాగేంత పెద్దది. తెలుగులో అలాంటివి చాలా తక్కువ, నాకు నిజంగా బాధేస్తుంది. చివరికి బీరువాలోంచి మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం తీశాను. పిల్లల కోసం రాసింది కాదు, పైగా 1920ల నాటిది. చదువుకోమని చేతికిచ్చి ఉంటే రెండో పేజీలోనే పక్కన పడేసేది. అందుకే నేనే పైకి చదివాను. ఆ పాత వాక్యాలు నోటితో పలికితే ఎంత తేలికో!

మొగల్తూరు పేరు రాగానే లేచి కూర్చుంది. “మన బస్టాండులో బోర్డు ఉంటుంది, ఆ ఊరేనా నాన్నా?” అదేనన్నాను. ఆ ఊరి కుర్రాడు బారిస్టరు చదువుకని ఒక్కడే ఇంగ్లండు బయల్దేరాడంటే కళ్లు పెద్దవి చేసింది. మద్రాసులో టోపీ కొనే చోటికి వచ్చేసరికి, వంటింట్లోంచి మా అమ్మ ఉండబట్టలేక, “అది ఆడవాళ్ల టోపీ!” అనేసింది. “నానమ్మా, ముందే చెప్పేస్తావేంటి!” అని అలిగినా, ఆ పేజీ మళ్లీ మళ్లీ చదివించుకుంది.

ఒకటి గమనించాను. పార్వతీశం తెలివితక్కువవాడని దానికి ఒక్కసారి కూడా అనిపించలేదు. “చూడని వస్తువు ఎవరిదో ఎలా తెలుస్తుంది పాపం?” అంది. నవ్వుతూనే అతని పక్షం చేరిపోయింది. కాసేపాగి, “మరి వాళ్లమ్మ బెంగపెట్టుకోదా?” అనడిగింది. నేను పేజీ తిప్పలేక ఆగిపోయాను.

పడుకునే ముందు అట్లాసు తెచ్చుకుంది. మొగల్తూరు అందులో లేదు. నర్సాపురం పక్కన పెన్సిలుతో తనే చుక్క పెట్టి, అక్కణ్నించి కథలో పార్వతీశం వెళ్లినట్టే నిడదవోలుకి గీత గీసింది. ఆ తర్వాత వేలితో తీరమంతా వెతికి, “నాన్నా, మద్రాసు లేదు!” అంది. చెన్నై చూపించాను. దాని పక్కన చిన్న టోపీ బొమ్మ వేసి, లండన్ ఎంత దూరమో జానలతో కొలుస్తూ నిద్రపోయింది.