ఫ్యాన్లకు శ్రుతి కుదిరిన శనివారం

పంచాంగం లెక్కన డొల్లు కర్తరి దాటి, ఎండలు ముదిరే నిజ కర్తరిలో పడ్డాం. చెన్నై వడపళనిలో పొద్దున ఎనిమిదికే డాబా మీద చెప్పులు లేకుండా నిలబడలేం. పెళ్ళిళ్ళ కాలం కూడా కావడంతో నాకు చేతినిండా పని. పగలంతా పెళ్ళి వీడియోలు కత్తిరించి కూర్చుకోవడం, రాత్రి వాటిని వరుసగా రెండరింగ్‌కు, అంటే కూర్చిన ముక్కలను కంప్యూటర్ పూర్తి వీడియోగా తయారుచేసే పనికి, పెట్టి పడుకోవడం. కంప్యూటర్ ఉండేది హాల్లో. లోపలి గది కన్నా అక్కడే గాలి ఆడుతుందని అమ్మ మంచం కూడా హాల్లోనే వేసుకుంది.

ఈ ఉదయం కాఫీ అందిస్తూ అంది: "నాన్నా, చప్పుడు నాకు కొత్త కాదు. ఈ ఊళ్ళో చప్పుడు లేని చోటు ఎక్కడుంది? కానీ నీ పెట్టె ఉన్నట్టుండి శ్రుతి ఎత్తుకుంటుంది, కాసేపటికి దించుతుంది, మళ్ళీ ఎత్తుకుంటుంది. ఆ మార్పుకే నాకు మెలకువ వస్తోంది. ఒకే శ్రుతిలో ఉంటే తంబూరా పక్కన పడుకున్నట్టు హాయిగా నిద్రపోతాను."

ఏళ్ళ తరబడి పిల్లలకు సంగీతం చెప్పిన చెవి అది. ఆ మాట పట్టుకుని లెక్క వేసి చూశాను. కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్పును చల్లబరిచే ఫ్యానుకు ఏడు రెక్కలు. నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే సెకనుకు 25 చుట్లు, ఏడు రెక్కలు కలిపి గాలిని సెకనుకు 175 సార్లు కొడతాయి. చెవికి వినిపించే స్వరం అదే, 175 హెర్ట్జ్. వేగం 2,250కి పెరిగితే అది 262 దాటుతుంది. రెండింటి నిష్పత్తి రెండుకు మూడు, అంటే షడ్జమం నుంచి పంచమానికి ఎక్కినట్టే. నా ఫ్యాను అక్కడితో ఆగకుండా 2,700 దాకా వెళ్తోంది. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

మరి ఉన్నట్టుండి ఎందుకు ఎక్కుతోంది? నాది ఇంటెల్ ఐ5 10400, ఆరు కోర్ల చిప్పు. దాని వివరాల్లో 65 వాట్లు అని ఉంటుంది. అది నిలకడగా వాడుకునే విద్యుత్తు మాత్రమే. బరువైన పని మొదలైన కొత్తలో ఇంటెల్ లెక్క ప్రకారం దాదాపు 28 సెకన్ల పాటు 134 వాట్ల దాకా లాగవచ్చు. రాత్రి వరుసలో ఒక వీడియో ముగిసి ఇంకొకటి మొదలయ్యేటప్పుడు చిప్పు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది, ఆ వెంటనే మళ్ళీ రెట్టింపు వేడి పుట్టిస్తుంది. ఫ్యాను కంగారుగా పరుగందుకుంటుంది. అమ్మకు మెలకువ వచ్చే ఘడియలు అవే.

అందుకని ఈ రోజు వీడియో పని పక్కన పెట్టి క్యాబినెట్ విప్పాను. "కర్తరిలో గోడ కట్టకూడదు, చెట్టు కొట్టకూడదు. దుమ్ము దులపడానికి అడ్డేమీ లేదులే" అంటూ అమ్మే పాత చీర ముక్క తెచ్చి ఇచ్చింది.

పైనుంచి చూస్తే ఫ్యాను రెక్కల అంచున సన్నని బూడిద గీత తప్ప ఏమీ కనిపించలేదు. అసలు సంగతి ఫ్యాను ఊడదీశాక తెలిసింది. దాని కిందనున్న అల్యూమినియం రేకుల మీద దుమ్ము దళసరి గుడ్డలా అల్లుకుపోయి ఉంది. గోటితో ఒక అంచు లేపితే మొత్తం ఒకే ముక్కగా, గుండ్రంగా, రేకుల వరుసల అచ్చు పడి మరీ లేచి వచ్చింది. వేళ్ళ మధ్య నలిపితే పొడిగా లేదు, జిడ్డుగా ఉంది. ఆర్కాట్ రోడ్డు మీద మెట్రో రెండో దశ పనులు మొదలైనప్పటి నుంచి ఇంట్లోకి దుమ్ముకు కొదవ లేదు. దానికి చెన్నై గాలిలోని తేమ, వంటింటి తాలింపు పొగ, దేవుడి దగ్గర అగరువత్తి పొగ తోడైతే ఆ దుమ్ము జారిపోకుండా అంటుకుపోతుంది. ఫ్యాను ఎంత అరిచినా గాలి వెళ్ళే దారే లేదు. చప్పుడు తగ్గించాలనుకునేవాళ్ళు అన్నిటికన్నా ముందు చూడవలసిన చోటు ఇదేనని నా గట్టి నమ్మకం. కొత్త సామాను తర్వాత సంగతి.

బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కలను వేలితో గట్టిగా పట్టుకున్నాను. గాలి ఊపుకు ఫ్యానును ఇష్టం వచ్చినట్టు తిరగనిస్తే బేరింగు దెబ్బతింటుంది, పైగా అది చిన్న జనరేటర్‌లా మదర్‌బోర్డులోకి కరెంటు పంపే ప్రమాదం ఉంది. చిప్పు వేడిని కూలర్‌కు అందించే థర్మల్ పేస్టు ఎండి, పెచ్చులు కట్టి ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో అద్దంలా మెరిసేదాకా తుడిచాను.

దుమ్ము ఒక్కటే కాదు, పెట్టె ఉన్న చోటూ ముఖ్యమే. ఇక్కడ అమ్మే కంప్యూటర్ బల్లల్లో చాలావాటికి క్యాబినెట్ కోసం మూడు వైపులా మూసిన చెక్క గూడు ఉంటుంది. వెనక నుంచి బయటికి వచ్చిన వేడి గాలి ఆ గూట్లోనే తిరిగి ముందు నుంచి లోపలికి పోతుంది. చూడటానికి పొందికగా ఉంటుంది కానీ ఎండాకాలపు చెన్నైకి పనికిరాని ఏర్పాటు. పెట్టెను బయటికి తీసి, గోడకు జానెడు దూరంలో నేల మీద రబ్బరు చాప ముక్క పరిచి దానిపై నిలబెట్టాను.

పదకొండింటికి మెట్రో ఎక్కి సెంట్రల్‌లో మారి, ఒక్క స్టేషను దూరంలోని గవర్నమెంట్ ఎస్టేట్‌లో దిగాను. అక్కడి నుంచి కంప్యూటర్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్ నడక దూరమే, ఎండే దూరాన్ని పెంచింది. రేపు ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారపు రద్దీ మామూలుగా లేదు. నా తమిళం రెండు వాక్యాలు వినగానే దుకాణదారు తెలుగులోకి మారాడు. "మా ఇంట్లో కూడా తెలుగే సార్" అంటూ ముందు రంగు దీపాల ఫ్యాన్లు, తర్వాత నీటితో చల్లబరిచే కూలర్ చూపించాడు. 65 వాట్ల చిప్పుకు అంత హంగు అక్కరలేదన్నాను. నీళ్ళు వేడిని మోసుకుపోతాయి, నిజమే. చివరికి ఆ వేడి రేడియేటర్ నుంచి గాలిలోకే పోవాలి, అక్కడా ఫ్యాన్లే తిరగాలి, అదనంగా పంపు చప్పుడు ఒకటి. వంద వాట్లు దాటి గంటల కొద్దీ లాగే చిప్పులకు అది తగును. నాకు కావలసింది చిప్పు వేడిని నిలువు రేకుల్లోకి లాగే నాలుగు రాగి గొట్టాల టవర్ కూలర్, నాలుగు పిన్నుల 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు.

నాలుగు పిన్నులని పట్టుబట్టడానికి కారణం ఉంది. వాటి వేగాన్ని బోర్డు సెకనుకు 25,000 సార్లు వచ్చే సంకేతంతో నియంత్రిస్తుంది. మనిషి చెవి 20,000 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ సంకేతం తాలూకు గోల వినిపించదు. పెద్ద ఫ్యానే ఎందుకంటే, 80 మిల్లీమీటర్ల ఫ్యాను ఆయాసపడి పంపే గాలిని 120 తాపీగా పంపగలదు. ఫ్యాను వేగం సగానికి తగ్గితే గాలీ సగమే అవుతుంది, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది, అది తినే విద్యుత్తు ఎనిమిదో వంతుకు దిగుతుంది. ఇంత లాభసాటి బేరం ఈ పెట్టెలో మరొకటి లేదు.

"ఒకసారి తిప్పి చూపిస్తారా?" అని అడిగితే విసుక్కోకుండా 12 వోల్టుల అడాప్టరుకు తగిలించి చేతికిచ్చాడు. వీధి గోలలో చెవికి ఆనించుకుని విన్నాను. మొదటి దానిలో గాలి చప్పుడు వెనకాల సన్నగా టిక్కు టిక్కుమని బేరింగు పలికింది. నేను చెప్పకముందే ఆయన నా ముఖం చూసి ఇంకోటి తీశాడు. ఒక్కోదాన్నీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి విన్నాక, టిక్కుమననివి రెండు తీసుకున్నాను.

భోజనాలయ్యాక బిగింపు. చిప్పు నడుమ బియ్యపు గింజ కన్నా కాస్త పెద్ద పేస్టు బొట్టు. మరలను ఒకేసారి బిగించకుండా ఒక మూల, ఆపైన దానికి ఎదుటి మూల, కొంచెం కొంచెంగా. అలా అయితేనే పేస్టు అన్ని వైపులా సమంగా పరుచుకుంటుంది. ఫ్యాన్లలో ఒకటి ముందు నుంచి గాలి లోపలికి లాగేందుకు, ఒకటి వెనక నుంచి బయటికి నెట్టేందుకు. ఫ్యానుకు ఏ వైపు చట్రం కాళ్ళు ఉంటాయో గాలి ఆ వైపుకు వస్తుంది. ముందరి ఫ్యానును కాస్త ఎక్కువ వేగంతో ఉంచి దాని ముందు సన్నని జల్లెడ పెట్టాను. లోపల గాలి ఒత్తిడి బయటి కన్నా పిసరంత ఎక్కువగా ఉంటే సందుల్లోంచి గాలి బయటికే వస్తుంది, వడకట్టని దుమ్ము లోపలికి దూరదు. ముందరి పలక నిండా గాజు, అంచున నాలుగు చీలికలు. అందానికి చేశారు కానీ గాలికి గొంతు నొక్కినట్టే. ఊడదీసి అటక మీద పెట్టేశాను, అమ్మకు ఆ బోడి ముఖం నచ్చకపోయినా.

ఇక కంప్యూటర్ మూల అమరికలు మార్చే బయాస్‌లో కూర్చున్నాను. ఈ రోజు పనిలో నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం ఇది. మొదట ఆ 134 వాట్ల పరిమితిని 80కి దించాను. గంటసేపు సాగే రెండరింగ్‌లో తొలి 28 సెకన్ల దూకుడు వల్ల కలిసొచ్చేది ఏమీ లేదు, ఆ తర్వాత ఎలాగూ 65 దగ్గరే నడుస్తుంది. తర్వాత, వేడి మారిన వెంటనే ఫ్యాను ఉలిక్కిపడకుండా కొన్ని సెకన్లు ఆగి మెల్లగా స్పందించే అమరిక. ఆపైన 78 డిగ్రీల వరకు చిప్పు ఫ్యాను 1,000 చుట్లు దాటవద్దని, అక్కడి నుంచి నెమ్మదిగా పెరిగి 90 దగ్గర పూర్తి వేగం అందుకోవాలని గీత గీశాను.

చల్లదనం అంకె ఎంత తక్కువైతే అంత గొప్ప అనుకునేవాళ్ళను చూస్తుంటాను. నాకు అది సరి అనిపించదు. ఈ చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకునేది 100 డిగ్రీల దగ్గర. 65లో ఉన్నా 75లో ఉన్నా అది చేసే పనిలో తేడా రాదు. ఆ పది డిగ్రీల కోసం ఫ్యాన్లను పరుగెత్తించి ఇంట్లోవాళ్ళ నిద్ర చెడగొట్టడం దేనికి? గది 21 డిగ్రీలున్న చోట కొలిచిన అంకెను మన హాలుకు తెచ్చి బెంగపడటమూ అనవసరమే. గది ఒక డిగ్రీ వేడెక్కితే చిప్పు కూడా ఇంచుమించు ఒక డిగ్రీ ఎక్కుతుంది, ఏ కూలరూ గదిని మించి చల్లబరచలేదు. చూడవలసింది గదికీ చిప్పుకూ నడుమ తేడా. నిన్న రాత్రి హాల్లో 34 ఉంటే చిప్పు 91, ఫ్యాను 2,700. ఈ సాయంత్రం అదే 34లో అదే వీడియో పెడితే చిప్పు 73, ఫ్యాను 1,000. తేడా 57 నుంచి 39కి దిగింది.

అంతా అయిందనుకుని అమ్మను పిలిచాను. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని వింది. "బాగుంది. కానీ లోపల ఏదో ఊగుతోంది. ఊఁ... ఊఁ... అని. రెండు తంబూరాలు శ్రుతి కలవనట్టు."

నాకు వినపడలేదు, ఆవిడ చేత్తో తాళం వేసి చూపిస్తే అప్పుడు దొరికింది. ముందరి ఫ్యాను 920, వెనకది 900 దగ్గర తిరుగుతున్నాయి. ఏడేసి రెక్కలకు ఆ ఇరవై చుట్ల తేడా సెకనుకు రెండు సార్లకు పైగా వచ్చే ఊగుగా మారుతోంది. రెండు చప్పుళ్ళు దగ్గర దగ్గరగా ఉంటేనే ఈ బాధ. ముందరి దాన్ని 1,050కి జరిపి, వెనకది 850కి దించాను. ఊగు పోయింది. అమ్మ తల పంకించి పూలు కట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

ఫ్యాన్లు నెమ్మదించాక వాటి కింద దాగిన చప్పుళ్ళు బయటపడ్డాయి. పాత వీడియోలుండే హార్డ్ డిస్కు నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకు 120. ఆ 120 హెర్ట్జ్ గుయ్యిమనే మోత ఇనుప అర ద్వారా క్యాబినెట్ అంతా పాకుతోంది. మరల కింద రబ్బరు వాషర్లు వేస్తే చాలావరకు తగ్గింది. రాత్రి పని జరిగేది తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ మీదే కాబట్టి ఆ డిస్కును అవసరం లేనప్పుడు నిద్రపుచ్చమని కూడా సెట్ చేశాను.

మిగిలింది ఎస్ఎంపీఎస్, కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా. ఇప్పుడు ఇంట్లో అందరికన్నా గట్టిగా వినిపించేది దాని ఫ్యానే, బేరింగులో నూనె ఎండిన కరకర. దాన్ని మాత్రం విప్పను. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. విడి ఫ్యాను మార్చే ప్రయత్నం చేయకుండా, ఈ ముహూర్తాల డబ్బు చేతికి రాగానే డబ్బాకు డబ్బా మార్చేయడమే. తక్కువ లోడులో ఫ్యాను ఆగిపోయే రకం తీసుకోవాలి. ధర ఎంతో దుకాణదారును ఇవాళే అడిగి రాసి పెట్టుకున్నాను.