ఆపరేషన్‌కి ముందు కులం అడగాల్సి వస్తే

మత్తు డాక్టర్‌గా పేషెంట్లను నేను అడిగే ప్రశ్నల్లో ఒకటి చాలామందికి నచ్చదు. బీపీ ఉందా, షుగర్ ఉందా, కట్టుడు పళ్ళున్నాయా, చివరిసారి ఎప్పుడు తిన్నారు అని అడుగుతూ మధ్యలో "మీరు వైశ్యులా?" అంటాను. కొందరు మొహం చిట్లిస్తారు. ఒక పెద్దాయన అయితే "కులాన్ని బట్టి మందులుంటాయా డాక్టరుగారూ?" అని గట్టిగానే అడిగారు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నేనూ ఆర్యవైశ్యుల ఇంటి పిల్లనే. గుంటూరులో పుట్టి, తెనాలిలో ప్రాక్టీస్ చేస్తున్నాను. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతామో, అడిగాక వచ్చే చిక్కులేమిటో మనవాళ్ళకి తెలియాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

జనరల్ అనస్తీషియాలో గొంతులోకి గొట్టం వేయాలంటే కండరాలు వదులవ్వాలి. అందుకు వాడే మందుల్లో స్కోలిన్ చాలా పాతది. చవక. నిమిషంలో పనిచేస్తుంది, పది నిమిషాల్లో దిగిపోతుంది. కడుపునిండా తిని ఎమర్జెన్సీలో వచ్చినవాళ్ళకి ఇప్పటికీ మా చెయ్యి ముందు దాని మీదికే వెళ్తుంది. అంత త్వరగా దిగిపోవడానికి కారణం రక్తంలో ఉండే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. దాన్ని తయారుచేసే జన్యువు పేరు బీసీహెచ్ఈ. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు కాపీల్లోనూ తేడా ఉంటే ఆ ఎంజైమ్ దాదాపు పనిచేయదు. అలాంటివాళ్ళకి స్కోలిన్ పడితే గంటల తరబడి కండరాలు కదలవు. ఊపిరి తీసే కండరాలు కూడా. వెంటిలేటర్ మీద పెట్టి ఓపిగ్గా కాచుకుంటే ప్రమాదం లేదు. ఆ సదుపాయం లేనిచోట, విషయం ఎవరికీ తట్టకపోతే, ప్రాణం మీదికి వస్తుంది.

స్కోలిన్ జోలికి పోకుండా, దాని కోవలోని ఒకటి రెండు మందులు తప్పించుకుంటే ఈ తేడా ఉన్నవాళ్ళు నిండు నూరేళ్ళూ హాయిగా బతుకుతారు. తిండికీ, చదువుకీ, కాన్పుకీ దీంతో సంబంధమే లేదు. ఇది జబ్బు కాదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ఈ తేడా మన వైశ్యుల్లో ఎక్కువ. మన కులంలోనే ఎందుకెక్కువ అంటే, ఎన్నో తరాలుగా మనలో మనమే చేసుకున్న పెళ్ళిళ్ళు కారణం. పైగా మేనరికాలు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో పనిచేసిన కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కి చెందిన డేవిడ్ రైక్, వాళ్ళ సహచరులు 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో ఒక పరిశోధన ప్రచురించారు. దక్షిణాసియాలోని ఎన్నో కులాలు, తెగలు కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, బయట పెళ్ళిళ్ళు లేక ఆ కొద్దిమంది జన్యువులనే మోసుకొస్తున్నాయని అందులో చూపించారు. వాళ్ళు పేరుపెట్టి చెప్పిన ఉదాహరణ వైశ్యులు. 30 లక్షలకు పైగా జనం ఉన్నా, ఈ ఎంజైమ్ లోపం మిగతావాళ్ళలో కంటే సుమారు 100 రెట్లు ఎక్కువని రాశారు. ఆ పరిశోధనకి చాలా ముందే మా సీనియర్లకి ఇది అనుభవం మీద తెలుసు. మాకు ట్రైనింగ్‌లోనే చెప్పారు.

అయితే కులం అడిగినంత మాత్రాన పని అయిపోదు. ఈ లోపం ఇతర కులాల్లోనూ ఉంటుంది, తక్కువగా. కులాంతర పెళ్ళిళ్ళలో పుట్టిన పిల్లలు ఏమని చెప్పాలి? చెప్పడం ఇష్టంలేనివాళ్ళ సంగతేమిటి? అందుకే నేను మొదట అడిగేది వేరే ప్రశ్న: "మీ ఇంట్లో గానీ, దగ్గరి చుట్టాల్లో గానీ ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక ఊపిరి రావడం ఆలస్యమైందా? ఐసీయూలో పెట్టారా?" దీనికి ఎవరూ నొచ్చుకోరు. చాలాసార్లు పక్కనే ఉన్న అత్తగారో, పిన్నిగారో "ఆఁ, మా తోడికోడలికి సిజేరియన్‌లో అలాగే అయింది" అని గుర్తు చేసుకుంటారు. కులం ప్రశ్న తర్వాత అడుగుతాను. అడిగేముందు కారణం చెబుతాను.

కొన్నేళ్ళ కిందటి సంగతి ఒకటి చెప్పాలి. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చేశాను. ఒక చిన్న నర్సింగ్ హోమ్ నుంచి రాత్రి ఫోన్ వచ్చింది. అపెండిక్స్ ఆపరేషన్ అయిపోయింది, అమ్మాయికి ఊపిరి రావట్లేదు. నేను వెళ్ళేసరికి థియేటర్ అసిస్టెంట్ ఊపిరి అందించే బ్యాగ్ నొక్కుతూ ఉన్నాడు, చెమటలు కారిపోతున్నాయి. మానిటర్ మీద నాడి 140. ఆ పిల్ల కంటి కొస నుంచి చెవి దాకా ఒక నీటి చార. మత్తు దిగిపోయింది, స్కోలిన్ దిగలేదు. అంటే మెలకువగా ఉంది, వేలు కూడా కదపలేదు, చుట్టూ అందరి మాటలూ వింటోంది. ముందు మళ్ళీ మత్తు ఎక్కించాను. చెవి దగ్గర వంగి "ఏం భయం లేదమ్మా, నీ ఊపిరి మేం తీస్తున్నాం, మందు దిగడానికి టైం పడుతుంది, నిద్రపో" అన్నాను. వినిపించిందనే అనుకుంటున్నాను. నరానికి చిన్నగా కరెంటు ఇచ్చి కండరం కదులుతుందో లేదో చూసే నెర్వ్ స్టిమ్యులేటర్ మణికట్టు దగ్గర పెడితే బొటనవేలు కదల్లేదు. తెల్లవారుజామున చిన్నగా అదిరింది. ఆ తర్వాత గంటన్నరకి తనంతట తానే ఊపిరి తీసుకుంది.

తర్వాత పంపిన రక్తపరీక్షలో ఎంజైమ్ అట్టడుగున ఉంది. అసలు చిక్కు అక్కడ మొదలైంది. వాళ్ళమ్మగారు నా చెయ్యి పట్టుకుని "డాక్టరమ్మా, ఈ మాట ఎక్కడా అనకండి. మా అన్నయ్య కొడుక్కే ఇద్దామనుకుంటున్నాం" అన్నారు. అదే నోటితో, ఆ అన్నయ్యగారి చిన్నబ్బాయికి పై నెలలో టాన్సిల్స్ ఆపరేషన్ ఉందని కూడా చెప్పారు.

పేషెంట్ రహస్యం కాపాడాలన్నది మా వృత్తిలో మొదటి నియమం. కానీ ఆ పిల్లకి రెండు కాపీలూ తేడాగా ఉన్నాయంటే ఒకటి తల్లి వైపు నుంచి వచ్చిందే. తల్లిలో ఉన్నది ఆమె అన్నగారిలోనూ ఉండొచ్చు. ఆయనా దగ్గరి సంబంధమే చేసుకున్నారు. టాన్సిల్స్ టేబుల్ మీద పడుకోబోయే పిల్లాడికి ఈ సమాచారం అవసరం. మామూలు జబ్బయితే రిపోర్ట్ ఒక మనిషిదే. జన్యువుల రిపోర్ట్‌లో అన్నదమ్ములూ, మేనమామలూ, ఇంకా పుట్టని పిల్లలూ కూడా ఉంటారు, వాళ్ళెవరూ సంతకం పెట్టకపోయినా.

కాసేపటికి నాకు ఒక సంగతి తట్టింది. మేమిద్దరం ఇంతసేపు మాట్లాడుకుంటున్నాం గానీ, ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు. తనకి 21 ఏళ్ళు. రిపోర్ట్ తనది. మర్నాడు తనని ఒంటరిగా కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఇది జబ్బు కాదని, కాబోయే పిల్లలకి కూడా ఏ మందు వద్దో తెలిస్తే చాలని, దాచినా చెప్పినా నిర్ణయం తనదేనని చెప్పాను. కాసేపు ఊరుకుంది. తర్వాత ఫోన్ తీసి నా ముందే మేనమామకి చేసింది. "మావయ్యా, తమ్ముడి ఆపరేషన్ డాక్టర్‌కి ఈ పేరు చెప్పు, రాసుకో" అంది. పిల్లాడికి పరీక్ష చేయించారు, వేరే మందు వాడారు. సంబంధం ఏమైందో నేను అడగలేదు, అది నాకు చెప్పాల్సిన విషయమూ కాదు.

ఇప్పుడు అసలు ఇది రాయడానికి కారణం. మా ఊరి సంఘం పెద్దలు ఒక క్యాంపు పెడదామని నా దగ్గరికి వచ్చారు. కల్యాణ మండపంలో అందరికీ ఉచితంగా ఈ ఎంజైమ్ పరీక్ష. ఆలోచన మంచిది, నాకు సంతోషమే. గుంటూరు చుట్టుపక్కల ల్యాబులకి ఈ పరీక్ష కొత్త కాదు. పురుగుమందు తాగి వచ్చినవాళ్ళకి ఎప్పటి నుంచో చేస్తున్నారు. అయితే పెద్దలు ఇంకో మూడు మాటలు కలిపారు. ఫలితాలన్నీ సంఘం రిజిస్టర్‌లో గోత్రంతో సహా ఎక్కించాలట. పరిచయ వేదికలో వధూవరుల బయోడేటాకి జత చేయాలట. ఒక సంస్థ ఉచితంగా జన్యుపరీక్ష కూడా చేస్తానంటోంది కాబట్టి ఇంకో ట్యూబ్ రక్తం ఇచ్చేద్దామట, "పరిశోధనకి పనికొస్తుంది కదమ్మా" అని.

"యూదుల్లో పెళ్ళికి ముందు ఇలాగే చూసుకుంటారట కదా" అన్నారు ఒకాయన. నిజమే. న్యూయార్క్‌లో జోసెఫ్ ఎక్‌స్టైన్ అనే మతగురువు వంశపారంపర్యంగా వచ్చే టే-శాక్స్ జబ్బుతో తన నలుగురు పిల్లల్ని పోగొట్టుకుని, 1983లో 'దోర్ యెషోరిమ్' అనే ఏర్పాటు మొదలుపెట్టారు. అక్కడ కూడా ఫలితాలు బయట పెట్టరు. ఒక్కొక్కరికి ఒక నంబర్ ఉంటుంది. రెండు నంబర్లు చెబితే ఈ జంట కుదురుతుందా లేదా అన్నదొక్కటే చెబుతారు. పైగా టే-శాక్స్ పసిపిల్లల్ని నాలుగైదేళ్ళకే మింగేసే జబ్బు. మనది ఒక ఇంజెక్షన్ మార్చుకుంటే సరిపోయే విషయం. దీనికోసం ఒక ఆడపిల్ల సంబంధం తప్పిపోతే ఆ పాపం క్యాంపు పెట్టినవాళ్ళది, అందులో నేనూ ఉంటాను. అబ్బాయి వైపు రిపోర్ట్ ఎంతమంది అడుగుతారో మనందరికీ తెలుసు.

ఇక ఆ రెండో ట్యూబ్. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోపల ఉండే హవసుపాయి తెగవాళ్ళు 1990లో షుగర్ జబ్బు ఎందుకొస్తోందో తెలుస్తుందని అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి రక్తం ఇచ్చారు. అదే రక్తం మీద తర్వాత స్కిజోఫ్రీనియా గురించి, దగ్గరి పెళ్ళిళ్ళ గురించి, వాళ్ళు ఎక్కడి నుంచి వలస వచ్చారన్నదాని గురించి కూడా పరిశోధనలు జరిగాయి. ఏళ్ళ తర్వాత ఆ తెగలో ఒకామె యూనివర్సిటీలో ఒక ప్రసంగం వింటూ ఉంటే ఈ సంగతి బయటపడింది. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం తిరిగిచ్చింది. కొందరు ఏడుస్తూ దాన్ని ఇంటికి తీసుకెళ్ళారు. పరిశోధన జరగకూడదని నేను అనను. సీసీఎంబీ వాళ్ళు చేసిన పని లేకపోతే ఈ వ్యాసమే లేదు. కానీ దేనికిస్తున్నామో, ఎన్నాళ్ళు దాస్తారో, ఇంకెవరికి ఇస్తారో తెలుగులో రాసి చెప్పకుండా కల్యాణ మండపంలో టిఫిన్ పెట్టి తీసుకునే రక్తానికి అనుమతి ఉన్నట్టు కాదు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా ఎవరూ ఆలోచించలేదు. జన్యుపరమైన జబ్బు అన్న సాకుతో క్లెయిమ్ ఎగ్గొట్టడం వివక్ష అని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అమెరికాలో 2008 నుంచి, జన్యువుల పేరుతో వివక్ష చూపకూడదనే 'జినా' చట్టం ఉంది. హెల్త్ ఇన్సూరెన్స్‌కీ ఉద్యోగాలకీ అది రక్షణ, లైఫ్ ఇన్సూరెన్స్‌కి కాదు. మన దగ్గర దీనికంటూ విడిగా చట్టం లేదు. అలాంటప్పుడు ఒక కులం మొత్తం జన్యు జాబితా ఒక బీరువాలో ఉండటం నాకు నిద్ర పట్టనిచ్చే విషయం కాదు.

థియేటర్‌లో నాకు కావలసింది ఎంజైమ్ ఎంత ఉందన్నదే. దానికి జన్యుపరీక్ష అవసరం లేదు. అవసరం లేనిది తెలుసుకుంటే దాన్ని దాచుకోవాల్సిన భారం కూడా మీద పడుతుంది. నేను పరీక్ష చేయించుకున్నాను. ఫలితం ఇక్కడ రాయడం లేదు. నాకు అభ్యంతరం లేదు గానీ, రాస్తే మా తమ్ముళ్ళ గురించి కూడా కొంత రాసినట్టే. వాళ్ళని అడగలేదు.

సంఘానికి నా షరతులు రాసిచ్చాను. ఎంజైమ్ పరీక్ష ఒక్కటే. ఫలితం మూసిన కవర్‌లో, 18 దాటినవాళ్ళకి నేరుగా వాళ్ళ చేతికే, అమ్మానాన్నలకి కాదు. తక్కువ ఉన్నవాళ్ళకి పర్సులో పెట్టుకునే కార్డు: "నాకు స్కోలిన్ ఇవ్వకండి" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. కార్డు మీద కులం ఉండదు, గోత్రం ఉండదు. కవర్లకీ కార్డుకీ పెద్దలు ఒప్పుకున్నారు. రెండో ట్యూబ్ వద్దనుకున్నారు. రిజిస్టర్ దగ్గర ఆగాం. "మనవాళ్ళ లెక్క మన దగ్గర లేకపోతే ఎలాగమ్మా?" అంటున్నారు సెక్రటరీగారు. దసరా అయ్యాక మళ్ళీ కూర్చుంటాం. రిజిస్టర్ ఉంటే నేను రానని ముందే చెప్పేశాను.