లింకన్ మార్క్ ఎయిట్ పనుల నమోదు: నావిగేటర్‌తో పోల్చి చూస్తే

1995 నాటి లింకన్ మార్క్ ఎయిట్ కూపేకు (రెండు తలుపుల కారుకు) ముందు చక్రాల ఎయిర్ స్ప్రింగులు, అంటే బండి బరువు మోసే గాలి నింపిన రబ్బరు సంచులు, మార్చే పని పూర్తయింది. ఇంటి అవసరాలకు వాడుతున్న 2000 నాటి ఫోర్‌వీల్ డ్రైవ్ నావిగేటర్ (లింకన్ వారిదే పెద్ద ఎస్‌యూవీ) కూడా అదే గ్యారేజీలో ఉన్నందున, ఒకే సంస్థ అయిదేళ్ల తేడాలో విలాసవంతమైన బండిని ఎంత భిన్నంగా ఊహించిందో పానా పట్టిన ప్రతిసారీ తెలిసివస్తోంది.

చూసినవారు నమ్మరు గానీ, రెండింటిలో పొడవైనది కూపేయే. దాని పొడవు సుమారు 5.25 మీటర్లు కాగా నావిగేటర్‌ది 5.2 మీటర్లు. బరువు మాత్రం కూపేకు దాదాపు 1.7 టన్నులుంటే నావిగేటర్‌కు రెండున్నర టన్నులు దాటుతుంది. ఇంజన్లు ఒకే కుటుంబానివి, రెండింటికీ 32 వాల్వులే. కూపేలోని 4.6 లీటర్ల అల్యూమినియం బ్లాక్ వీ8 280 హార్స్‌పవర్ ఇస్తుంది, నావిగేటర్‌లోని 5.4 లీటర్ల ఇనుప బ్లాక్ వీ8 300 ఇస్తుంది. ఆ అదనపు ఇరవై అంత బరువు ముందు ఏ మూలకూ చాలదు.

ఇక అసలు పని. కూపే నాలుగు మూలలా గాలి మీదే నిలబడుతుంది కనుక, రబ్బరు వయసు మీరి బీటలు వారితే రాత్రికి రాత్రే ఆ మూల కిందికి దిగిపోతుంది. సబ్బునీళ్లు చల్లితే బుడగలు వచ్చే చోటే లీకు ఉన్నట్టు. జాకీ పెట్టే ముందు డిక్కీలో ఎడమవైపున్న సస్పెన్షన్ స్విచ్ తప్పనిసరిగా ఆపాలి. స్ప్రింగుకున్న సోలెనాయిడ్‌ను (గాలిని వదిలే, ఆపే కరెంటు వాల్వును) మొదటి మెట్టు వరకే తిప్పి, గాలి పూర్తిగా పోయేదాకా ఆగి, ఆ తరువాతే బయటికి తీయాలి. కొత్త స్ప్రింగులోకి గాలి ఎక్కకుండా బండి బరువు దానిపై మోపితే రబ్బరు మడత పడి పాడవుతుంది. స్ప్రింగులకు గాలి పంపే కంప్రెసర్ మారిస్తే, దానికి కరెంటు కలిపే స్విచ్ అయిన రిలేను కూడా మార్చడం మంచిది, ఎందుకంటే అరిగిన కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి రిలే కాంటాక్టులను అతుక్కుపోయేలా చేయగలదు. నావిగేటర్‌లో ముందు వైపు బరువును టోర్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు) మోస్తాయి కాబట్టి అక్కడ ఇంత భయం లేదు.

గేర్‌బాక్స్ ఆయిలు కూడా మార్చాను. నిలకడ వేగంలో వచ్చే సన్నని వణుకు మెర్కాన్ ఫైవ్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలు పోశాక తగ్గింది. ఇంజన్ శక్తిని ఆయిలు ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌కే డ్రెయిన్ ప్లగ్ ఉండటం వల్ల పాత ఆయిలు దాదాపు మొత్తం దిగిపోతుంది, ఈ సౌకర్యం తరువాతి బండ్లలో అరుదైంది.

నడపడంలో నా మొగ్గు దాచుకోను. హైవే వేగం అందుకోగానే సుమారు రెండు సెంటీమీటర్లు కిందికి దిగి రోడ్డును పట్టుకునే కూపే ముందు, నావిగేటర్ మలుపుల్లో బరువుగా వంగుతూ వస్తుంది. అయితే హైదరాబాదు నుంచి అమ్మానాన్నలు పచ్చళ్ల పెట్టెలతో డెట్రాయిట్ విమానాశ్రయంలో దిగినప్పుడు, రెండే తలుపులున్న కూపే వెనుక సీటులోకి వంగి దూరమని వారిని అడగలేం. 113 లీటర్ల ట్యాంకు నింపేటప్పుడు గుండె కలుక్కుమన్నా అక్కడ నావిగేటరే దిక్కు.

మేముండే నోవైకి పక్కనే ఉన్న విక్సమ్ కర్మాగారంలో ఈ కూపే తయారైంది. ఆ కర్మాగారం 2007లో మూతపడింది. మిషిగన్ రోడ్ల మీద చల్లే ఉప్పు అడుగుభాగాన్ని తినేస్తుంది కనుక, మంచు మొదలవగానే కూపేను స్టాండ్ల మీదికి ఎక్కించి, బ్యాటరీకి చార్జర్ తగిలించి, వెనుక స్ప్రింగుల పని మొదలుపెడతాను.