విశాఖ దారిలో పూడుల్‌కు పడ్డ పేర్లు

హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి రోడ్డు మీద సుమారు 620 కిలోమీటర్లు. స్టాండర్డ్ పూడుల్‌ను, అంటే ఉంగరాల జుట్టుండే పూడుల్ జాతిలో పెద్ద సైజు కుక్కను, వెంటబెట్టుకుని ఆ దారిన వెళితే, ఆగిన చోటల్లా ఎవరో ఒకరు దాని జాతి మార్చేస్తారు. మాది ఆప్రికాట్ (లేత నారింజ) రంగు ఆడకుక్క. భుజం దగ్గర 56 సెంటీమీటర్ల ఎత్తు, 24 కిలోల బరువు. వెళ్ళేటప్పుడు దానికి టెడ్డీ కటింగ్ ఉంది, అంటే మూతి, చెంపలు, ఒళ్ళు అంతా రెండంగుళాల జుట్టు గుండ్రంగా కత్తిరించి ఉంది. తిరిగి వచ్చేటప్పుడు మూతి నున్నగా తీసి ఉంది. రోడ్డూ అదే, కుక్కా అదే, అడిగేవాళ్ళ మాటలు మాత్రం పూర్తిగా మారిపోయాయి. జనం చూసేది కుక్కను కాదు, దాని కటింగ్‌ను.

రైల్లో వెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో కూపేగానీ క్యాబిన్‌గానీ మొత్తం మన పేరిట దొరకాలి, కుక్కకు పార్సిల్ ఆఫీసులో విడిగా బుకింగ్ చేయాలి. అందుకే కారు ఎంచుకున్నాం. ఎండ ముదిరేలోగా సూర్యాపేట దాటాలని తెల్లవారకముందే బయల్దేరాం. తిండి బయల్దేరడానికి నాలుగు గంటల ముందే పెట్టేయాలి, లేకపోతే మలుపుల్లో కక్కుతుంది. నీళ్ళు మాత్రం ఆపకూడదు, రెండు గంటలకోసారి ఆగి కొద్దికొద్దిగా పట్టాలి. వెనక సీటుకు ఊయల గుడ్డ కట్టి, ఛాతీ పట్టీని సీటుబెల్టుకు తగిలించాం. కారు కదలనంతసేపు ఆ పట్టీ తీసేయడం మంచిది. పూడుల్ జుట్టు రాలి కింద పడదు, ఊడిన వెంట్రుక పక్క వెంట్రుకల ఉంగరాల్లోనే చిక్కుకుంటుంది. పట్టీ రాపిడి పడే చంకలోనూ మెడ కిందా ఒక్క రోజులోనే ముద్ద కడుతుంది.

మొదటి పేరు నకిరేకల్ దాటాక ఒక టీకొట్టు దగ్గర పడింది. "గిదేం కుక్క సార్, గొర్రె లెక్కుంది?" అన్నాడు టీ పోస్తున్నాయన. పక్కనే రోడ్డు దాటిస్తున్న మందలోంచి ఒక కాపరి వచ్చి, ఏమీ అడక్కుండా కుక్క వీపు మీద జుట్టును రెండు బొటనవేళ్ళతో పాయ తీసి అడుగున చర్మం చూశాడు. "ఇది ఉన్ని గాదు, ఎంటికె" అని తేల్చేశాడు. ఆ దారి మొత్తంలో సరైన పరీక్ష చేసింది ఆయనే అని నా నమ్మకం. తెలంగాణలో కురుమలు పెంచే నల్ల దక్కనీ గొర్రెకు ఉన్ని ఉంటుంది, దాన్ని కత్తిరించే గొంగడి నేస్తారు. కోస్తా వైపు కనిపించే నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. రెంటినీ చూసినవాళ్ళకు వేళ్ళతోనే తేడా తెలుస్తుంది.

పూడుల్‌ను గుర్తుపట్టడానికీ ఆ పాయ తీసే పద్ధతే మొదటి మెట్టు. వెంట్రుకలు విడదీస్తే సన్నని గీతలా చర్మం నేరుగా కనిపించాలి, అడుగున మెత్తటి నూగు పొర ఉండకూడదు. పొమేరియన్‌కూ గోల్డెన్ రిట్రీవర్‌కూ ఆ నూగు దట్టంగా ఉంటుంది, వేళ్ళకు అంటుకుని ఊడి వస్తుంది. పూడుల్‌కు ఉన్నది ఒకటే పొర. అది మనుషుల జుట్టులా ఆగకుండా పెరుగుతుంది, కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కత్తిరించక తప్పదు.

విజయవాడలో కృష్ణ ఒడ్డున నడిపిస్తుంటే కాలేజీ పిల్లలు చుట్టూ చేరి "లాబ్రడూడుల్ కదండీ?" అన్నారు. ఇంకొకరు "కాదు, గోల్డెన్‌డూడుల్" అన్నారు. ఫోన్లలో చూసే వీడియోల్లో గుండ్రటి ముఖంతో, ఉంగరాల జుట్టుతో, పెద్దగా కనిపించేవి చాలావరకు లాబ్రడార్‌తోనో గోల్డెన్ రిట్రీవర్‌తోనో పూడుల్‌ను కలిపిన ఈ సంకరాలే, కాబట్టి వాళ్ళ ఊహ మరీ దారి తప్పిందేమీ కాదు. 1989లో ఆస్ట్రేలియాలో వాలీ కాన్రాన్ అనే ఆయన అంధులకు దారి చూపే కుక్కలను తయారుచేసే గైడ్ డాగ్స్ సంస్థలో పనిచేస్తూ, కుక్క వెంట్రుక పడని భర్త ఉన్న ఒక అంధురాలి కోసం లాబ్రడార్‌ను స్టాండర్డ్ పూడుల్‌తో కలిపారు. లాబ్రడూడుల్ పేరు అక్కడి నుంచే ప్రచారంలోకి వచ్చింది. అంటే జనం పిల్ల పేరుతో తల్లిని పిలుస్తున్నారు.

ఈ పొరపాటుకు జన్యువుల్లోనే కారణం ఉంది. కుక్కల జుట్టు తీరులో కనిపించే తేడాల్లో చాలావాటికి మూడు జన్యువులే మూలమని 2009లో తేలింది. ఒకటి పొడుగుకు, ఒకటి ఉంగరానికి, ఒకటి మీసం, గడ్డం, కనుబొమల దగ్గర కుచ్చు పెరగడానికి. పూడుల్‌లో ఈ మూడు లక్షణాలూ ఉన్నాయి. బిషాన్ ఫ్రీజే అనే చిన్న తెల్ల కుక్కలోనూ, అమెరికా అధ్యక్షుడిగా ఒబామా ఉన్నప్పుడు ఆయన ఇంటి కుక్కగా పేరుపడ్డ పోర్చుగీస్ వాటర్ డాగ్‌లోనూ ఇవే కనిపిస్తాయి. ముఖం మీద జుట్టు వదిలేస్తే వీటిని దూరం నుంచి విడదీయడం అలవాటున్న కళ్ళకైనా కష్టం. లాసా, షిహ్ త్జూ అనే చిన్న కుక్కల్లో పొడుగూ కుచ్చూ ఉంటాయి, గట్టి ఉంగరం ఉండదు. పూడుల్ జుట్టు తడిపితే ఉంగరాలు ఇంకా బిగుస్తాయి, లాసా జుట్టు తడిస్తే వేలాడిపోతుంది.

గోదావరి జిల్లాల్లోకి అడుగుపెట్టాక మర్యాద పెరిగింది, జాతులు చిన్నవయ్యాయి. తణుకులో ఒక పెద్దాయన "ఇది లాసా కదండీ, బాగా పెరిగిందండి" అన్నారు. రావులపాలెంలో పూతరేకులు కడుతున్న ఆవిడ "పొమేరియనేనాండీ? రంగు వేశారా?" అని అడిగారు. మన ఊళ్ళలో ఇన్నేళ్ళుగా ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించినవి ఆ రెండే కాబట్టి, బొచ్చున్న ప్రతి కుక్కా ఆ రెంటిలో ఒకటవుతుంది. వాళ్ళకు నేను చెప్పేది చెవి చూడమని. పొమేరియన్ చెవి నిక్కబొడుచుకుని చిన్న త్రికోణంలా ఉంటుంది, తోక వీపు మీదకు వాలిపోతుంది. పూడుల్ చెవి కంటి మట్టంలోగానీ కాస్త కిందగానీ మొదలై, వెడల్పుగా, చెంపకు అతుక్కుని వేలాడుతుంది. లాసా చెవీ వేలాడేదే, అక్కడ మూతి చూడాలి. లాసాది పొట్టి, షిహ్ త్జూది మరీ చప్పిడి. పూడుల్ మూతి సన్నగా, నిటారుగా, దాదాపు పుర్రె అంత పొడుగు ఉంటుంది. టెడ్డీ కటింగ్‌లో కనిపించనిదే అది. చేత్తో మూతిని మెల్లగా చుట్టి జుట్టు అణిచిపెట్టి చూపిస్తే, ఎదుటివాళ్ళు అక్కడికక్కడే ఒప్పుకున్నారు.

అయితే చూపించే ముందు ఒక జాగ్రత్త. బొచ్చు బొమ్మలా కనిపించే కుక్క మీదకు పిల్లలు నేరుగా చేయి చాపి నెత్తి మీద తడతారు. కళ్ళ మీద జుట్టు పడివుంటే ఆ చేయి వచ్చేది కుక్కకు కనిపించదు, ఉలిక్కిపడుతుంది. పక్కనుంచి వచ్చి, చేయి వాసన చూడనిచ్చి, గడ్డం కిందో ఛాతీ మీదో తాకమని చెప్పాలి. కళ్ళ ముందు జుట్టును రెండు వేళ్ళ మందం కత్తిరించి ఉంచితే సగం బెదురు తగ్గుతుంది. తినిపించడం ఇంకో సంగతి. ప్రేమగా పెట్టే రవ్వకేసరిలో, ప్రసాదాల్లో ఎండుద్రాక్ష ఉంటే అది కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. "దానికి పడదండీ" అని గట్టిగా అడ్డుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

కడియం నర్సరీల దగ్గర కాళ్ళు సాగదీయడానికి దింపాం. గట్ల మీద ఉత్తరేణి కంకులు వెనక్కి తిరిగి కాళ్ళ జుట్టుకు పట్టుకుంటాయి, వేళ్ళ సందుల్లో పల్లేరు కాయలు దిగుతాయి. ఇవి వెంటనే తీయాలి, తడిస్తే జుట్టు చుట్టుకుపోయి చివరికి కత్తెర పడుతుంది. ముందు వేళ్ళతో విడదీసి, తరువాత సన్న తీగల బ్రష్‌తో చివర నుంచి మొదలు వైపు వస్తూ, ఆఖర్న స్టీలు దువ్వెన చర్మం దాకా దించి లాగాలి. పైపైన బ్రష్ చేస్తే పైన మెత్తగా కనిపిస్తూ, చర్మం దగ్గర చాపలా అల్లుకుని ఉంటుంది. దువ్వెన ఆగకుండా వస్తేనే పని అయినట్టు. గోమార్లు చూడటం కూడా అప్పుడే: చెవి లోపలి మడత, వేళ్ళ సందులు, మెడపట్టీ కింద. మన ప్రాంతంలో గోమారు జ్వరం మామూలు, ఉంగరాల జుట్టులో గోమారు బాగా ఉబ్బేదాకా కంటపడదు.

విశాఖలో బసకు వచ్చింది పేచీ. ఫోన్లో "పూడుల్" అని చెప్పి గది తీసుకున్నాం. అక్కడివాళ్ళు ఒళ్ళో పట్టే టాయ్ పూడుల్‌ను ఊహించుకున్నారు, దిగింది 24 కిలోల కుక్క. అంతర్జాతీయ కుక్కల సమాఖ్య లెక్కలో పూడుల్‌కు నాలుగు ఎత్తులున్నాయి: స్టాండర్డ్ 45 నుంచి 60 సెంటీమీటర్లు, మీడియం 35 నుంచి 45, మినియేచర్ 28 నుంచి 35, టాయ్ 24 నుంచి 28. మన దేశంలో జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్‌ది కూడా ఆ దారే. జాతి పేరు ఒక్కటే చెబితే ఎదుటివాళ్ళకు ఏమీ తెలియదు కాబట్టి, గది అడిగేటప్పుడు ఎత్తు, బరువు, మనిషి పక్కన నిలబడ్డ ఫోటో పంపాలి. రేబీస్ టీకా కార్డు మీద జాతి, రంగు, కుక్క చర్మం కింద పెట్టే మైక్రోచిప్ నంబరు ఉంటే కౌంటర్ దగ్గర వాదన ఉండదు. టీకా కార్డులో డాక్టరు పొరపాటున వేరే జాతి రాసి ఉంటే బయల్దేరేముందే దిద్దించుకోవాలి.

తెల్లవారుజామున వాహనాలు ఆపే సమయంలో ఆర్కే బీచ్ రోడ్డు కుక్కలకు మంచి చోటు. కురుసుర జలాంతర్గామి ముందు ఒక నౌకాదళ కుటుంబం మాత్రం "స్టాండర్డ్ పూడుల్" అని నేరుగా గుర్తుపట్టింది. వాళ్ళు చూసింది నడకను. తల ఎత్తి, తోక పైకి నిలిపి, కాళ్ళు తేలికగా లేపి వేసే నడక ఈ జాతికి ప్రత్యేకం, బొచ్చు దాన్ని దాచలేదు. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే అలలున్నాయి, పూడుల్ ఎంత ఈతగత్తె అయినా వదలకూడదు, పొడుగు తాడుతో మోకాళ్ళ లోతు చాలు. ఉప్పునీటిలో తడిసిన జుట్టును ఆరనిస్తే ఉప్పు గట్టిపడి వెంట్రుక విరుగుతుంది. గదికి రాగానే మంచినీళ్ళు చర్మం దాకా పోసి కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి.

మూతి జుట్టు తీసింది ఆ మర్నాడే. కడిగి, ఆరిన జుట్టు మీదే చేయాలి, మురికి జుట్టులో బ్లేడు త్వరగా మొద్దుబారి లాగుతుంది. క్లిప్పర్‌కు 10 నంబరు బ్లేడు సరిపోతుంది. 30, 40 నంబర్లు ఇంకా దగ్గరగా తీస్తాయి, అలవాటులేని చర్మం వాటికి మండుతుంది. చెవి వెనక్కి పట్టుకుని, చెవి రంధ్రం ముందు అంచు నుంచి కంటి బయటి మూల దాకా తిన్నగా ఒక గీత తీయాలి. ఆ గీతకు పైన జుట్టు ముట్టుకోకూడదు, అది నెత్తి కుచ్చు. గీత కింద నుంచి ముక్కు వైపు, బ్లేడును చర్మానికి పరిచినట్టు పెట్టి, చెంప తీయాలి. పెదవి మూల దగ్గర చర్మాన్ని వెనక్కి సాగదీయకపోతే మడతలో బ్లేడు దిగి తెగుతుంది, ఎక్కువ గాయాలు అయ్యేది అక్కడే. రెండు కళ్ళ మధ్య తలకిందులైన చిన్న 'వి' ఆకారం. గొంతు మీద, ఒక్కో చెవి కింద నుంచి గొంతుముడికి రెండు మూడు సెంటీమీటర్ల దిగువన కలిసేలా ఇంకో 'వి'. మొదటిసారి గొంతు దగ్గర జుట్టు పెరిగే వైపుకే నడపాలి, అక్కడి చర్మం పలచన. మూడు నాలుగు నిమిషాలకోసారి బ్లేడును మణికట్టు లోపలివైపు ఆనించి చూడాలి, వేడి తగిలితే ఆపాలి. మండిన చర్మాన్ని కుక్క గోకితే పుండు పడుతుంది, కాబట్టి పని కాగానే చల్లటి తడిబట్ట అద్ది, గంటసేపు గోకకుండా చూడాలి.

తిరుగు ప్రయాణంలో అనకాపల్లి బెల్లం కొట్ల దగ్గరే తేడా తెలిసింది. "ఇదేటండీ, సర్కస్ కుక్క కదా?" అని అడిగారు. పేరు తెలియకపోయినా, అన్నది పూడుల్ గురించే. సన్నని నున్నటి మూతి, నెత్తిన కుచ్చు కనిపించగానే బొమ్మల్లోని పూడుల్ గుర్తొచ్చింది. కొంతమంది ఆ బొమ్మల్లోలా కాళ్ళ దగ్గర గుండ్రటి జుట్టు బంతులు ఏవని అడిగారు. ఆ కటింగ్ అందానికి పుట్టింది కాదు. నీటిపక్షులను వేటగాళ్ళు కొడితే ఈదుకుంటూ వెళ్ళి తెచ్చే కుక్క ఇది. ఈతకు బరువు కాకుండా వెనక భాగం గొరిగి, చలికి ఛాతీ, కీళ్ళ దగ్గర జుట్టు ఉంచేవారు. మన ఎండకు ఆ ఛాతీ జుట్టు అంత అక్కర్లేదు. అలాగని చర్మం కనిపించేంత గొరిగితే ఎండ నేరుగా కాలుస్తుంది, అర అంగుళం నుంచి అంగుళం దాకా ఉంచడం మేలు.

సూర్యాపేట దగ్గర భోజనానికి ఆగినప్పుడు ఒకాయన తన ఫోన్లో ఒక కూన బొమ్మ చూపించి, "అమ్మేటోడు పూడుల్ అంటుండు, నిజమేనా?" అని అడిగాడు. 45 రోజుల కూన, ముఖం నిండా దూదిలాంటి జుట్టు. ఆ వయసులో పూడుల్, బిషాన్, షిహ్ త్జూ సంకరం, మూడూ ఫోటోలో ఒకేలా ఉంటాయి. కూన మూతి, పాదాలు నున్నగా తీయించి చూపించమని అమ్మేవాడిని అడగాలి, బాగా పెంచేవాళ్ళు ఆ వయసుకే ఒకసారి తీసి ఉంటారు. తల్లిని కళ్ళారా చూడాలి. కెన్నెల్ క్లబ్ కాగితం మీదున్న మైక్రోచిప్ నంబరును రీడర్‌తో కూన మెడ దగ్గర చదివించి సరిపోల్చాలి. 'టీకప్ పూడుల్' అనే కొలత ఏ క్లబ్బు పుస్తకంలోనూ లేదు, ఆ పేరుతో ధర పెంచితే అక్కడితో మాట ఆపేయాలి. చిప్ తరువాత వేయిస్తాం, కాగితం తరువాత పంపుతాం అంటే డబ్బు ఇవ్వొద్దని ఆయనకు చెప్పాను.